కుందుర్పి రోడ్డులో నాలుగు ఊర్లకు బండి కుదిర్చాం – నా అనుభవం

అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం నుంచి కుందుర్పి వైపు పోయే దారిలో మెయిన్ రోడ్డుకు లోపలున్న నాలుగు ఊర్లకు రానూపోనూ బండి ఏర్పాటు చేసే పని 2025 జూన్‌లో మొదలైంది. గ్రామ సమాఖ్య (మహిళా పొదుపు సంఘాల కూటమి) తరఫున లెక్కలు, కాగితాలు, టైములు చూసే బాధ్యత నాకొచ్చింది. ఒక కొలిక్కి వచ్చేసరికి నవంబరు అయింది. ఇలాంటి పని తలకెత్తుకోవాలనుకునే ఊర్లకు పనికొస్తుందని జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నా.

ముందు లెక్క. ఇల్లిల్లూ తిరిగి "బస్సు కావాలా?" అంటే కావాలనే అందరూ చెబుతారు. ఆ జవాబుతో ఒక్క ట్రిప్పు టైము కూడా తేలదు. అందుకని ఇలా అడిగాం: పోయిన వారం మీ ఇంట్లోంచి కళ్యాణదుర్గానికి ఎవరు పోయారు, ఏ పని మీద, ఎన్నింటికి బయల్దేరారు, దేంట్లో పోయారు, ఎంతయింది, ఇల్లు చేరేసరికి ఎంత పొద్దయింది? చివర్లో ఇంకొకటి: పోవాల్సి ఉండీ మానుకున్న పని ఏమన్నా ఉందా? ఎక్కువ విషయం బయటపడింది ఆ చివరి ప్రశ్నలోనే. షుగరు మాత్రలు అయిపోయి వారాలైనా తెచ్చుకోనివాళ్లు, కంటి ఆపరేషన్ అయ్యాక మళ్లీ రమ్మన్న తేదీకి పోనివాళ్లు, బ్యాంకు వాళ్లు కేవైసీ అడిగినా కదలనివాళ్లు ప్రతి వీధిలో ఉన్నారు. ఆ కాగితాలు రాత్రి కూర్చుని కలుపుతుంటే మనసు బరువెక్కింది. ఊర్లో ఇన్నేళ్లుగా ఉంటున్నా వీళ్లంతా ఎందుకు ఆగిపోయారో మాలో ఎవరికీ తెలీదు.

వాన పడి శెనక్కాయ విత్తనం మొదలైతే ఊరంతా చేనులోనే ఉంటుంది. ఆ వారం తీసిన లెక్కను నమ్మకూడదు. ఇల్లిల్లూ అడిగిన లెక్క కాకుండా క్రాస్ (ఊరి దారి మెయిన్ రోడ్డులో కలిసే చోటు) దగ్గర ఇద్దరు పిల్లోళ్లను పొద్దున 6 నుంచి 10 దాకా, సాయంత్రం 4 నుంచి 7 దాకా కూర్చోబెట్టి ఎక్కేవాళ్లనూ దిగేవాళ్లనూ రాయించాం. రెండు లెక్కలూ పక్కపక్కన పెడితే విషయం తేటపడింది. పొద్దున పోవడం ఎట్లాగోలా జరుగుతోంది: ఆటో, పాల బండి, తెలిసినవాళ్ల బైకు. రావడమే కష్టం. ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకుని, రక్తపరీక్ష ఇచ్చి, రిపోర్టు చూపించి, మందులు తీసుకునేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. ఆ తర్వాత సాయంత్రం బస్సు దాకా స్టాండులో కూర్చోవాలి. కూర్చోలేకపోతే ఆటో స్పెషల్ మాట్లాడుకోవాలి, దానికి 700 రూపాయలు. పోయేటప్పుడు 60, వచ్చేటప్పుడు 700 అంటే ముసలివాళ్లు అసలు బయల్దేరరు. కాబట్టి మా టైంటేబుల్ తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి రాసుకుంటూ వచ్చాం. ఎవరు ఈ పని చేసినా అక్కడ నుంచే మొదలుపెట్టమని చెబుతా.

దూరాలు బైకు మీటరుతో కొలిచాం. చివరి ఊరు కళ్యాణదుర్గానికి 28 కిలోమీటర్లు. మధ్యలో ఒక ఊరు రోడ్డుకు రెండున్నర కిలోమీటర్లు లోపల ఉంది. మ్యాపులో చూస్తే రెండున్నరే. బండికి మాత్రం పోను రాను ఐదు కిలోమీటర్లు, సీసీ రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లతో కలిపి పన్నెండు నిమిషాలు. ప్రతి ట్రిప్పూ లోపలికి పోతే మిగతా మూడు ఊర్ల వాళ్లు ఆ పన్నెండు నిమిషాలూ మోయాలి. దీని మీద సమాఖ్య మీటింగులో మాటా మాటా పెరిగింది. చివరికి ఆసుపత్రికి పోయొచ్చే ట్రిప్పులు మాత్రం లోపలికి పోవాలనీ, మిగతావి క్రాస్‌లోనే ఆగాలనీ తీర్మానం రాసుకున్నాం.

ముందుగా ఆర్టీసీని అడిగాం. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ, దాని నకలు డిపోకు. అర్జీకి నాలుగు పంచాయతీల తీర్మానాలు, గంటల వారీగా ప్రయాణికుల పట్టిక, కిలోమీటర్ల చార్టు, బస్సు తిరిగే చోటు ఫొటోలు జత చేశాం. రసీదు మీద నంబరు ఉంటుంది, ఏ ఆఫీసుకు పోయినా ముందు అదే అడుగుతారు. ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి.

డిపోలో మాట్లాడాక అర్థమైంది ఏమిటంటే, కొత్త బస్సు అని అడిగితే పని ముందుకు కదలదు. ప్రతి బస్సూ, ప్రతి డ్రైవరు గంటా అప్పటికే ఏదో ఒక షెడ్యూలులో బిగించి ఉంటాయి. ఒక చోట ట్రిప్పు వేయాలంటే ఇంకో చోట తీయాలి. అదే, ఇప్పటికే పక్క ఊర్లో నైట్ హాల్ట్ చేసే బస్సును ఆరు కిలోమీటర్లు ముందుకు పొడిగించమంటే, వాళ్లు చూసుకోవాల్సింది పొద్దునా సాయంత్రం చెరో ఆరు కిలోమీటర్లే. డీజిలు ఖర్చు, కిలోమీటరుకు వచ్చే ఆదాయం, రోడ్డు – ఈ మూడే ప్రశ్నలు. అర్జీని అలా తిరగరాశాం.

రోడ్డు చూడ్డానికి వచ్చినవాళ్లు మేం ఊహించనివి అడిగారు. పల్లెవెలుగు బస్సు దాదాపు 11 మీటర్ల పొడవు. వెనక్కీ ముందుకీ ఆడించకుండా తిరగాలంటే ఇంచుమించు 25 మీటర్ల ఖాళీ కావాలి. మాకు బడి పక్కన ఆ చోటు ఉంది గానీ మూలలో ఒక గడ్డివామి అడ్డం. వామి యజమానిని ఒప్పించి, కూలి ఖర్చు సమాఖ్య పెట్టుకుని, వామిని పక్కకు జరిపి వేయించాం. దారి మీదికి వాలిన వేపకొమ్మలు కొట్టించాం. రెండు చోట్ల సర్వీసు వైర్లు కిందికి వేలాడుతుంటే లైన్‌మన్‌తో పైకి కట్టించాం. ఆ తర్వాత నైట్ హాల్ట్ సంగతి. డ్రైవరు, కండక్టరు పడుకోవడానికి గది, ఫ్యాను, దోమతెర, నీళ్లు, మరుగుదొడ్డి, బస్సు పెట్టే చోట రాత్రంతా వెలిగే లైటు కావాలి. పంచాయతీ భవనంలో ఒక గది శుభ్రం చేయించి సున్నం కొట్టించాం. దుప్పట్లు వారానికోసారి ఉతికించే పని ఒక సంఘానికి అప్పగించాం. సిబ్బందికి రాత్రి సరిగ్గా నిద్ర పడితే పొద్దున బస్సు టైముకు కదులుతుంది. అంత చిన్న సంగతి అది, అయినా చాలా ఊర్లలో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అర్జీ జూలై రెండో వారంలో ఇచ్చాం. రోడ్డు చూడ్డానికి రావడం ఆగస్టు ఆఖరు. ట్రయల్ మీద బస్సు వచ్చింది దసరా పోయాక, అక్టోబరులో. ఈ మధ్య కాలం గడవడమే కష్టం. మొదట్లో రోజూ అడిగినవాళ్లు క్రమంగా అడగడం మానేశారు. "అయ్యే పని కాదులే" అన్న మాట ఊర్లో వినబడితే చేసేవాళ్లకూ నీరసం వస్తుంది. ప్రతి సోమవారం రచ్చకట్ట దగ్గర బోర్డు మీద పని ఎక్కడ దాకా వచ్చిందో రెండు వాక్యాలు రాస్తూ పోయాం. చెప్పడానికి ఏమీ లేని వారం "ఇంకా ఎదురుచూస్తున్నాం" అనే రాశాం.

ఈలోగా ఆగస్టు 15న స్త్రీశక్తి పథకం మొదలై పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చింది. జూన్‌లో తీసిన లెక్క తలకిందులైంది. ఆటోలో పోయే ఆడవాళ్లు క్రాస్ దాకా నడిచి బస్సు ఎక్కడం మొదలుపెట్టారు. సెప్టెంబరులో మళ్లీ లెక్క తీయాల్సి వచ్చింది. ఇక్కడొక సంగతి అందరికీ పదేపదే చెప్పాం: ఉచితమే కదా అని టికెట్ లేకుండా కూర్చోవద్దు, ఆధార్ చూపించి జీరో టికెట్ కొట్టించుకోండి. ఆ రూట్లో ఎంతమంది ఎక్కుతున్నారో లెక్క తేలేది టికెట్ మిషన్లోంచే. టికెట్ కొట్టకపోతే మనిషి ఎక్కనట్టే. ట్రయల్ బస్సు నిలబడాలంటే ఆ లెక్క కావాలి.

ఇప్పుడు బస్సు పొద్దున 6:50కి చివరి ఊరి నుంచి కదులుతుంది, సాయంత్రం 5:30కి కళ్యాణదుర్గంలో బయల్దేరుతుంది. కాలేజీ పిల్లలకూ, పొద్దున్నే ఓపీకి పోయేవాళ్లకూ ఇది సరిపోయింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఐదున్నర దాకా ఉన్న ఖాళీ అట్లే మిగిలింది. దానికి బాడుగ బండి చూసుకోవాలి.

పన్నెండు సీట్ల ట్రాక్స్ క్రూజర్ నడిపే ఒకాయన కళ్యాణదుర్గంలో ఉంటాడు. బండి ఆయన సొంతం, నడిపేదీ ఆయనే. మధ్యాహ్నం ఒకటిన్నరకు అక్కడ నుంచి మనుషులను ఎక్కించుకుని మా ఊర్లకు వస్తే, తిరిగి ఖాళీగా పోవాలి. పొద్దున మా ఊర్ల నుంచి టౌనుకు పోవాలంటే ముందు ఖాళీగా రావాలి. నాలుగు ట్రిప్పుల్లో రెండు ఖాళీ. ఆ ఖాళీ కిలోమీటర్ల డబ్బు ఎవరిస్తారు? పల్లె బండ్లు రెండు నెలలు తిరిగి ఆగిపోయేది ఎక్కువగా ఈ ప్రశ్న దగ్గరే. ఎంత చార్జీ పెంచినా ఒకవైపు మనుషులు రెండువైపుల డీజిలూ మోయలేరు.

దారి చూపించింది క్రాస్ దగ్గర పిల్లోళ్లు రాసిన పట్టికే. పొద్దున ఎక్కేవాళ్ల గడి పక్కన దిగేవాళ్ల గడి కూడా ఉంది. ఎనిమిదిన్నరకు దిగేది ఎవరంటే బడి టీచర్లు, సచివాలయం సిబ్బంది, ఏఎన్‌ఎమ్‌లు. వాళ్లంతా కళ్యాణదుర్గంలో కాపురం ఉండి మా ఊర్లకు వచ్చి పోతారు. వాళ్ల ప్రయాణం మాకు సరిగ్గా ఎదురు దిక్కు. బళ్లకు పోయి హెడ్‌మాస్టర్ల ద్వారా మాట్లాడితే తొమ్మిది మంది ఒప్పుకున్నారు, నెలకు తలా 2,200 రూపాయలు. దాంతో బండి నాలుగు ట్రిప్పులూ నిండాయి. 7:40కి టీచర్లతో కళ్యాణదుర్గంలో బయల్దేరి 8:40కల్లా చివరి బడి. 9 గంటలకు మా వాళ్లతో టౌనుకు. 1:30కి ఆసుపత్రి, బ్యాంకు పనులు ముగించుకున్నవాళ్లతో వెనక్కి. 4:15కి టీచర్లతో మళ్లీ టౌనుకు.

లెక్క దాచకుండా చెబుతా. నాలుగు ట్రిప్పులు 112, లోపలి ఊరికి రెండుసార్లు పోయొచ్చేది 10, మొత్తం రోజుకు 122 కిలోమీటర్లు. లీటరుకు 12 కిలోమీటర్లు వస్తే పది లీటర్లు దాటుతుంది, డీజిలుకే వెయ్యి రూపాయలకు దగ్గర. టైర్లు, ఆయిలు, ఇన్సూరెన్సు, టాక్సు, ఆయన కూలి అన్నీ కలిపి రోజుకు 1,850కి కుదిరింది. నెలకు 25 రోజులకు 46,250. రాబడి: టీచర్ల నుంచి 19,800. మావాళ్లు సీటుకు 60 చొప్పున పొద్దున సగటున ఎనిమిది మంది, మధ్యాహ్నం పదకొండు మంది, రోజుకు 1,140, నెలకు 28,500. రెండూ కలిపి 48,300. మిగిలేది 2,050. దీన్ని లాభం అనుకోకూడదు. సెలవుల్లో కరిగిపోయేది ఇదే.

బండి కాగితాలు. ఆర్‌సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్, ఇన్సూరెన్సు, టాక్సు, పొల్యూషన్, డ్రైవరు లైసెన్సు – ఏడింటికీ గడువు తేదీలు ఒక చార్టు మీద రాసి గోడకు అంటించాం. పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు ఊరికే దాటిపోతుంది. బండి ఎనిమిదేళ్లు దాటితే ఎఫ్‌సీ ఏటా చేయించాలి. బండి వయసు చూడకుండా ఒప్పుకోవద్దు. తక్కువకు వస్తానన్న వైట్ బోర్డు బండ్లు రెండు వచ్చాయి, వద్దన్నాం. సొంత వాడకానికి రిజిస్టరైన బండిలో డబ్బు తీసుకుని మనుషులను ఎక్కిస్తే, ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు దగ్గర చిక్కు. ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఆ తర్వాత ఏళ్ల తరబడి కోర్టు చుట్టూ తిరగాలి.

పర్మిట్ విషయం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. క్రూజర్‌కు ఉండేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ఆ బండిని మొత్తంగా, ఒప్పుకున్న మొత్తానికి మాట్లాడుకోవాలి. ఒప్పందంలో ఉన్న ప్రయాణికులే ఎక్కాలి. దారిలో చెయ్యెత్తినవాళ్లను ఎక్కించుకుని దించుకుంటూ టికెట్టు చొప్పున డబ్బు తీసుకుంటే అది స్టేజి క్యారేజీ పని, దానికి వేరే పర్మిట్. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఆపితే మొదట చూసేది ఇదే. అందుకే సమాఖ్య పేరుతో ఒప్పందం రాయించి, ప్రయాణికుల జాబితా దానికి జత చేశాం. జాబితాలో లేనివాళ్లు ఎక్కరు, చేరాలంటే ముందురోజు పేరు రాయించుకోవాలి. డ్రైవరు చేతికి డబ్బు ఇవ్వకూడదు. సమాఖ్య దగ్గర కట్టి రసీదు తీసుకోవాలి. ఒప్పందం నకలు, ఆరోజు ట్రిప్పు పేర్ల కాగితం బండిలో ఉంటాయి.

ఒప్పందంలో ఆయన పట్టుబట్టింది ఒక్కటే, డబ్బు వారం వారం కావాలి. బంకులో డీజిలు అప్పు పుట్టదు. నెలాఖరున ఇస్తామంటే పది రోజులకే బండి ఆగుతుంది. శనివారం సాయంత్రం చెల్లిస్తున్నాం. మేం పట్టుబట్టింది: పెళ్లి ముహూర్తాల రోజుల్లో ఎక్కువ బాడుగ వచ్చినా మా బండి మాకు రావాలి. రాలేకపోతే ముందురోజు రాత్రి ఏడులోపు చెప్పి, కాగితాలు సరిగ్గా ఉన్న ఇంకో బండి పంపాలి. కార్తీకంలో ఇది అక్కరకొచ్చింది.

సీట్లు రాసుకునే పని ఊరికొక కిరాణా కొట్టుకు అప్పగించాం. వాట్సాప్ గ్రూపు కూడా ఉంది గానీ, బండి అవసరం ఎక్కువున్న ముసలివాళ్ల దగ్గర ఉండేది బటన్ ఫోన్లే. కొట్టుకు వచ్చి చెప్పినా, మిస్డ్ కాల్ ఇచ్చినా పేరు ఎక్కుతుంది. రాత్రి 8కి నాలుగు కొట్ల పేర్లూ నాకు చేరతాయి. రిజిస్టరులో పేరు, ఊరు, ఏ పని, పోయే ట్రిప్పు, వచ్చే ట్రిప్పు, ఫోన్, కట్టిన డబ్బు. "వచ్చే ట్రిప్పు" గడి ఖాళీగా వదలకుండా రాయించుకోవాలి. పొద్దున బస్సులో ఉచితంగా పోయి మధ్యాహ్నం మాత్రం బండిలో వచ్చే ఆడవాళ్లు ఎక్కువ. వాళ్ల పేర్లు ముందే లేకపోతే ఒకటిన్నరకు ఆసుపత్రి గేటు దగ్గర పదమూడో మనిషి నిలబడి ఉంటుంది.

ఆ పదమూడో మనిషి గురించి కచ్చితంగా ఉండాలి. మాటవరసకు "సర్దుకుందాం" అనడం మన దగ్గర మర్యాద. ఇన్సూరెన్సు మాత్రం పన్నెండు సీట్లకే. రెండు సీట్లు ఒంటిగంట దాకా ఎవరికీ ఇవ్వకుండా ఆసుపత్రి నుంచి వచ్చేవాళ్లకు ఉంచుతాం. అప్పటికీ ఎక్కువైతే వయసులో ఉన్నవాళ్లు 5:30 బస్సుకు ఆగుతారు. రిపోర్టు ఆలస్యమైనవాళ్ల కోసం 1:45 దాకా చూస్తాం, ఒకసారి ఫోన్ చేస్తాం, తర్వాత బండి కదులుతుంది. మొదటి వారాల్లో అందరి కోసం ఆగితే నాలుగుంపావుకు బడి దగ్గర టీచర్లు ఎదురుచూశారు. ఒక ట్రిప్పు జారితే రోజంతా జారుతుంది.

ఎక్కడం దిగడం గురించి మొదట ఎవరూ ఆలోచించలేదు. వెనక మెట్టు ఎత్తు, మోకాళ్ల నొప్పులున్న అవ్వలు ఇద్దరు మనుషులు పట్టుకుంటే తప్ప ఎక్కలేకపోయారు. ఊర్లో వడ్రంగితో పీట చేయించాం: 18 అంగుళాల పొడవు, 12 వెడల్పు, 8 ఎత్తు. పైనా కాళ్ల కిందా పాత టైరు రబ్బరును మేకులతో కొట్టి, పట్టుకోవడానికి తాడు కట్టించాం. 450 రూపాయలైంది. తలుపు పక్కన పట్టుకునేందుకు గట్టి నైలాన్ పట్టీ. ఆ పీట వచ్చిన వారం నుంచి, అంతకుముందు ఒక్కసారి వచ్చి మానేసిన అవ్వలు మళ్లీ పేరు రాయించుకున్నారు. ఈ పని మొత్తంలో నాకు ఎక్కువ తృప్తినిచ్చిన ఖర్చు ఇదే.

సామాను మనిషికి ఒక సంచి. గ్యాస్ సిలిండరు, 45 కిలోల యూరియా బస్తా, గొర్రెపిల్లలు వద్దు. గొడవలు పడ్డాం గానీ సడలించలేదు. వంక పారేటప్పుడు కాజ్‌వే అంచు రాళ్లు మునిగితే బండి దాటకూడదు. తొమ్మిది కిలోమీటర్లు చుట్టు తిరిగినా సరే. పురిటి నొప్పులు వస్తే ఈ బండి కోసం చూడకండి, 108కి ఫోన్ చేయండి. కాన్పు తర్వాత ఇంటికి దించడానికి తల్లీబిడ్డా ఎక్స్‌ప్రెస్ ఉంది. ప్రతి నెలా 9న గర్భిణులకు పరీక్షలు, ఆదివారమో సెలవో వస్తే మరుసటి పనిరోజు. ఆరోజు సీట్లు ముందు వాళ్లకే. ఏఎన్‌ఎమ్ జాబితా రెండు రోజుల ముందే ఇస్తుంది.

ఇక సెలవులు. బడి లేని రోజు టీచర్లు ఉండరు, రెండు ట్రిప్పులు మళ్లీ ఖాళీ. సంక్రాంతి సెలవుల్లో పొద్దున ట్రిప్పు తీసేసి, మధ్యాహ్నం 1:30 ఒక్కటే నడిపాం. పొద్దున బస్సులో పోతారు, మధ్యాహ్నం బండిలో వస్తారు. ఒక్క రాకపోకకు బండికి 1,000, సీట్ల మీద వచ్చేది 660. రోజుకు 340 నిల్వలోంచి తీశాం. ఏడు రోజులకు 2,380 పోయింది. వేసవి సెలవులు నెలన్నర. అప్పుడు సోమ, బుధ, శుక్రవారాలు మాత్రమే ఇదే పద్ధతిలో నడపాలని తీర్మానించాం. ఇరవై రోజులకు 6,800 కావాలి. నవంబరు నుంచి మార్చి దాకా నిల్వ 10,250, సంక్రాంతికి పోయింది తీస్తే 7,870. డీజిలు ధర మారకపోతే వెయ్యి రూపాయలు మిగిలి జూన్‌కు చేరతాం. మారితే సీటుకు ఐదు రూపాయలు పెంచుతామని ఉగాది ముందే నాలుగు కొట్ల దగ్గరా కాగితం అంటించాం.